నాన్నగారి రొమ్ము కింద గట్టిగా తగిలేది ఎముకేనా? ఉరోస్థి (రొమ్ము ఎముక) నిర్మాణం తెలిసినవారు వివరించగలరు

మధురవాడ టీచర్:

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో, మధురవాడ వైపున్న ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. నా ప్రశ్న పాఠానికి సంబంధించినదే అయినా, అది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నుంచి పుట్టింది కాబట్టి ముందు దాన్ని చెబుతాను.

మా నాన్నగారికి 71 ఏళ్లు. రెండేళ్ల క్రితం చక్కెర వ్యాధి బయటపడిన దగ్గర నుంచి ఆయన అన్నం తగ్గించి, రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడుస్తూ, వైద్యులు చెప్పిన ప్రకారమే బరువు బాగా తగ్గారు. పోయిన నెలలో ఒకరోజు ఒంటికి నూనె రాసుకుంటుండగా, రొమ్ము ముగిసి కడుపు మొదలయ్యే చోట, రెండు వైపుల పక్కటెముకలు వచ్చి కలిసే గుంటలో, చిటికెన వేలి కొనంత గట్టి ముక్క ఒకటి ఆయన చేతికి తగిలింది. ఇన్నేళ్లలో ఎన్నడూ తగలనిది ఇప్పుడు తగిలేసరికి ఆయన మనసులో ఏమేమి భయాలు పెట్టుకున్నారో గాని, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు అమ్మకు చెబితే, అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు గారు నాన్నగారిని పడుకోబెట్టి, ఆ చోట వేళ్లతో నొక్కి చూసి, దగ్గమని, తల ఎత్తమని చెప్పి, చివరికి అది గడ్డ కాదని, రొమ్ము ఎముక చివరేనని చెప్పి ధైర్యంగా ఇంటికి వెళ్లమన్నారు.

భయం తీరింది గాని, దారిలో నాన్నగారు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. "పుట్టినప్పటి నుంచీ ఉన్న ఎముకే అయితే ఇన్నాళ్లూ ఎందుకు తగల్లేదమ్మా?" అని ఆయన అడిగారు. ఏటా నల్లబల్ల మీద ఉరఃపంజరం (ఛాతీ గూడు) బొమ్మ గీసే నేను, ఆ మధ్యలో నిలువుగా ఒక పట్టీ గీసి, దాని పక్కన ఉరోస్థి అని పేరు రాయడం తప్ప, ఆ ఎముక గురించి నిజంగా తెలుసుకున్నది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. మా బడిలో ఉన్న ప్లాస్టిక్ అస్థిపంజరంలో అది ఒకే ముక్కగా ఉంది. ఒక పుస్తకంలో 1 ఎముక అని, ఇంకొక చోట 3 భాగాలని ఉంది. అది అసలు ఒకటా, మూడా? దాని వెనుక ఏముంటుంది? అది కదులుతుందా? వయసుతో మారుతుందా? శరీర నిర్మాణ శాస్త్రం చదివినవారు, చెప్పినవారు దయచేసి తీరిగ్గా వివరిస్తే, నాన్నగారికీ మా పిల్లలకీ కూడా చెప్పుకోగలను.

పాత అనాటమీ మాస్టారు:

అమ్మా, నమస్కారం. 1923లో మొదలైన మన ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకుని, తరువాత చాలా ఏళ్లు వైద్య విద్యార్థులకు ఎముకలు పట్టుకుని పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి మీ ప్రశ్న చూసి జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మీ నాన్నగారు అడిగిన ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు ఎముక చివరన ఉంది గనుక, పైనుంచి మొదలుపెట్టి అక్కడికి వస్తాను.

ఈ పాఠానికి బొమ్మ అక్కరలేదు. మీ చూపుడు వేలిని గొంతు కింద, రెండు జత్రుకల (మెడ కింద అడ్డంగా ఉండే కాలరు ఎముకల) నడుమ ఉన్న గుంటలో పెట్టండి. వేలికి కింద తగిలే గట్టి అంచే ఉరోస్థి పైకొస. అక్కడి నుంచి చర్మం మీదుగా వేలిని నెమ్మదిగా కిందికి జరపండి. సుమారు 5 సెంటీమీటర్లు దిగగానే, ఎముక మీద అడ్డంగా ఒక చిన్న మెట్టు వేలికి తగులుతుంది. సన్నగా ఉన్నవారిలో అది కంటికే కనిపిస్తుంది, ఒళ్లు చేసినవారిలో కాస్త నొక్కి వెతకాలి. ఆ మెట్టు దగ్గర ఆగండి, ఎందుకంటే రొమ్ము మీద దీనికంటే విలువైన గుర్తు ఇంకొకటి లేదు.

ఆ మెట్టుకు పైనున్న భాగం పేరు మాన్యుబ్రియం, కిందనున్న పొడవైన భాగం ఉరోస్థి కాయం, దాని అడుగున వేలాడే చిన్న మొన జిఫాయిడ్. పూర్వపు పాశ్చాత్య వైద్యులు ఈ ఎముకను ఒక పొట్టి కత్తితో పోల్చారు. మాన్యుబ్రియం అంటే లాటిన్‌లో పిడి, జిఫాయిడ్ అంటే గ్రీకులో కత్తి వంటిది అని అర్థం. పిడి, అలుగు, మొన అని పిల్లలకు చెబితే ఒక్కసారికే గుర్తుంటుంది. పెద్దవారిలో మొత్తం పొడవు సుమారు 15 నుంచి 17 సెంటీమీటర్లు, ఆడవారిలో కాస్త తక్కువ. కాయం పొడవు మాన్యుబ్రియానికి దాదాపు రెట్టింపు ఉంటుంది.

ఇప్పుడు ఒకటా, మూడా అన్న ప్రశ్న. మానవ శరీరంలో 206 ఎముకలని లెక్కించేటప్పుడు ఉరోస్థిని ఒకటిగానే లెక్కిస్తారు. పక్కటెముకలు 24, ఉరోస్థి 1, ఇలా పరీక్షలో అడిగినప్పుడు అదే రాయించండి. అయితే తల్లి కడుపులో ఇది మొదట మృదులాస్థితో, అంటే ఎముకకంటే మెత్తగా ఉండి వంగే పదార్థంతో, ఏర్పడిన రెండు నిలువు పట్టీలుగా, కుడి ఎడమలుగా పుడుతుంది. ఆ రెండూ మధ్యకు వచ్చి అతుక్కున్నాక, వాటిలో ఎముక అక్కడక్కడ చుక్కలుగా మొదలవుతుంది. దాదాపు అయిదో నెలలో పై భాగాల్లో మొదలై, అది క్రమంగా కిందికి సాగుతుంది. పుట్టిన బిడ్డ రొమ్ములో కాయం ఒక్క ఎముకగా ఉండదు, మృదులాస్థితో కలిసి ఉన్న నాలుగు విడి ముక్కలుగా ఉంటుంది. ఈ నాలుగూ యుక్తవయసు నుంచి కింది నుంచి పైకి ఒకదానితో ఒకటి కలుస్తూ, దాదాపు 25 ఏళ్లు వచ్చేసరికి ఒకే ఎముక అవుతాయి. ఎండిన ఉరోస్థిని చేతిలోకి తీసుకుని ముందువైపు వేలితో రాస్తే, ఆ అతుకుల జాడలు మూడు అడ్డగీతలుగా తగులుతాయి. మీ బడిలోని ప్లాస్టిక్ అస్థిపంజరంలో అవి లేకపోతే అది అచ్చు చేసినవారి లోపమే గాని మీ చూపు లోపం కాదు.

మాన్యుబ్రియానికీ కాయానికీ మధ్య ఉన్న అతుకు మాత్రం వేరు తరహాది. అక్కడ పీచుతో కూడిన మృదులాస్థి బిళ్ల ఉండి, అది చాలామందిలో జీవితాంతం అలాగే నిలుస్తుంది. కొందరిలో వయసు మీరాక అదీ ఎముకగా మారి బిగుసుకుంటుంది. ఈ రెండు భాగాలూ ఒకే తిన్నని గీతలో ఉండవు, ఒకదానితో ఒకటి కొద్దిగా వంగి, సుమారు 160 డిగ్రీల కోణంలో కలుస్తాయి. ఇందాక మీ వేలికి తగిలిన మెట్టు ఆ కోణమే. దానికి లూయీ కోణం అని పేరు. దాని విలువ ఏమిటంటే, రెండో పక్కటెముక సరిగ్గా అక్కడే వచ్చి కలుస్తుంది. మొదటి పక్కటెముక జత్రుక కింద దాగి ఉంటుంది కాబట్టి పైనుంచి లెక్కపెట్టడం కుదరదు. మెట్టు మీద వేలు పెట్టి పక్కకు జరిపితే రెండోది దొరుకుతుంది, అక్కడి నుంచి మూడు, నాలుగు, అయిదు అని దిగుతూ పోవచ్చు. మీ నాన్నగారికి ఈసీజీ తీసినప్పుడు చూసి ఉంటారు. ఉరోస్థికి అటూ ఇటూ, నాలుగో పక్కటెముకల సందులో రెండు బిళ్లలు అంటిస్తారు. ఆ నాలుగో సందును వెతకడానికి దారి ఈ మెట్టే.

వెనుక ఏముంటుందని అడిగారు. మెట్టు దగ్గర నుంచి అడ్డంగా వెనక్కి ఒక గీత ఊహించుకుంటే, అది సుమారుగా నాలుగు, అయిదు ఛాతీ వెన్నుపూసల నడుమకు చేరుతుంది. ఇంచుమించు ఆ మట్టంలోనే వాయునాళం రెండుగా చీలి ఊపిరితిత్తులకు వెళుతుంది, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, బృహద్ధమని, విల్లులా వంగడం మొదలయ్యేదీ ముగిసేదీ కూడా అక్కడే. మాన్యుబ్రియం వెనుక పెద్ద రక్తనాళాలు, చిన్నపిల్లల్లో అయితే బాగా పెరిగిన థైమస్ గ్రంథి ఉంటాయి. కాయం వెనుక గుండె ఉంటుంది. ముఖ్యంగా ఎముకకు దగ్గరగా వచ్చేది కుడి జఠరిక, అంటే గుండెలో కుడివైపు కింది గది. జిఫాయిడ్ వెనుకకు వచ్చేసరికి విభాజక పటలం (ఛాతీనీ కడుపునూ వేరుచేసే కండరపు పొర), దాని కింద కాలేయపు ఎడమ తమ్మె ఉంటాయి.

ఇక మీ నాన్నగారి ప్రశ్నకు వస్తాను. జిఫాయిడ్ చిన్నతనంలో పూర్తిగా మృదులాస్థి. అంటే మన చెవి దొప్పలా వంగుతుంది, నొక్కితే ఒదిగిపోతుంది. దానిలో ఎముక మెల్లగా పేరుకుంటూ, సాధారణంగా 40 ఏళ్ల ప్రాంతానికి గట్టిపడుతుంది, వృద్ధాప్యంలో కాయంతో అతుక్కుపోతుంది. పైగా మనిషి మనిషికీ దీని ఆకారం ఇంతగా మారే ఎముక భాగం అరుదు. కొందరిలో నిలువుగా, కొందరిలో రెండు కొనలుగా చీలి, కొందరిలో నడుమ రంధ్రంతో ఉంటుంది, కొందరిలో కొన ముందుకు వంగి చర్మాన్ని తోస్తూ ఉంటుంది. మీ నాన్నగారిది ఈ చివరి రకం అయి ఉండవచ్చు. ఎముక ఎప్పటి నుంచో గట్టిపడి అక్కడే ఉంది. దాని మీద ఉన్న కొవ్వు పొర ఈ రెండేళ్లలో కరిగింది కాబట్టి ఇప్పుడు చేతికి తగిలింది. 40 దాటినవారు ఉన్నట్టుండి ఈ మొనను కనిపెట్టి, కడుపులో గడ్డ అనుకుని ఆసుపత్రికి పరుగెత్తడం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. ఆయన భయపడటంలో తప్పేమీ లేదు, రెండు రోజులు దాచుకోకుండా ఉంటే బాగుండేదంతే.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. నేను పాఠం చెప్పే రోజుల్లో మా ఎముకల పెట్టెలో ఒక ఉరోస్థి ఉండేది. దాని కాయం కింది భాగంలో, సరిగ్గా నడుమ, పెసరగింజ దూరేంత గుండ్రని రంధ్రం ఉండేది. ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి దాన్ని చూసి, ఇతను తుపాకి గుండు తగిలి చనిపోయాడా అని అడిగేవాడు. నేను ఆ రంధ్రపు అంచు మీద వేలు తిప్పమనేవాణ్ణి. అంచు నున్నగా, గుండ్రంగా ఉండేది, విరిగిన గరుకు ఎక్కడా లేదు. కడుపులో కుడి ఎడమ భాగాలు ఎముకగా మారేటప్పుడు నడుమ ఒక చోట కలవకుండా మిగిలిపోతే ఇలాంటి రంధ్రం ఏర్పడుతుంది. ఇది జబ్బు కాదు, ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. కాని ఆ రంధ్రానికి వెనుకే గుండె ఉంది. రొమ్ము మీద సూదులు గుచ్చే చికిత్సల్లో, ఎముక అడ్డం ఉందనుకుని గుచ్చిన సూది ఇలాంటి రంధ్రం గుండా దిగి ప్రాణం తీసిన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అందుకే రొమ్ము నడుమ సూది గుచ్చే పనిని, అది ఎంత చిన్నదైనా, తెలియనివారి చేతిలో పెట్టకూడదు.

ఎంవీపీ కాలనీ ఫిజియో:

మాస్టారు గారు ఎముకను చేతిలో పెట్టినట్టే చెప్పారు. నేను ఫిజియోథెరపిస్టును. గుండె శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వచ్చినవారితో పనిచేస్తాను కాబట్టి, టీచర్ గారు అడిగిన వాటిలో "అది కదులుతుందా?" అన్న ప్రశ్నకు నా వంతు జవాబు రాస్తాను.

కదులుతుంది. వీధి బోరింగు పిడిని గుర్తు చేసుకోండి. వెనుక ఒక చోట ఇరుసు ఉండి, ముందుకొన పైకీ కిందికీ ఆడుతుంది. పై పక్కటెముకలు వెన్నుపూసల దగ్గర అలాగే ఇరుసు మీద తిరుగుతాయి. మనం ఊపిరి పీల్చినప్పుడు వాటి ముందుకొనలతో పాటు ఉరోస్థి కూడా పైకి, ముందుకు లేస్తుంది. అప్పుడు రొమ్ముకూ వెన్నుకూ మధ్య దూరం పెరిగి ఊపిరితిత్తులకు చోటు దొరుకుతుంది. మాస్టారు చెప్పిన లూయీ కోణం దగ్గరి అతుకు ఆ సమయంలో తలుపు బందులా కొద్దిగా వంగుతుంది. ఒక చెయ్యి మాన్యుబ్రియం మీద, ఇంకొకటి కింద కాయం మీద పెట్టుకుని నిండుగా ఊపిరి పీలిస్తే రెండు చేతులూ లేవడం మీకే తెలుస్తుంది. రెండో పక్కటెముక నుంచి ఏడో దాని వరకు ఉరోస్థితో కలిసే చోట్ల సాధారణంగా చిన్న చిన్న కీళ్లు ఉంటాయి. మొదటి పక్కటెముక మాత్రం కీలు లేకుండా మృదులాస్థితో గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది, పది నేరుగా ఉరోస్థిని చేరవు, పైదాని మృదులాస్థిని పట్టుకుంటాయి. పదకొండు, పన్నెండు ముందువైపు దేన్నీ అంటవు. భుజం ఎముకలన్నిటికీ ఛాతీ గూటితో ఉన్న ఒకే ఒక్క కీలు కూడా మాన్యుబ్రియం దగ్గర జత్రుక కలిసే చోటే. చెయ్యి ఎత్తి చూడండి, గొంతు గుంట పక్కన జత్రుక కొన కదలడం వేలికి తెలుస్తుంది.

ఈ ఎముక గురించి నా దగ్గరికి వచ్చేవారిలో ఉండే భయం వేరు. బైపాస్ చేసేటప్పుడు ఉరోస్థిని పైనుంచి కిందికి నడిమధ్యన రంపంతో నిలువుగా కోసి, రెండు చెక్కలుగా విడదీసి గుండెను చేరుకుంటారు. ఈ మార్గాన్ని 1897లో హెర్బర్ట్ మిల్టన్ అనే శస్త్రవైద్యుడు ముందుగా చూపగా, 1957 తరువాత గుండె శస్త్రచికిత్సల్లో ఇదే ప్రధాన మార్గంగా స్థిరపడింది. పని పూర్తయ్యాక రెండు చెక్కలనూ దగ్గరకు చేర్చి స్టీలు తీగలతో బిగిస్తారు. ఎక్స్‌రేలో రొమ్ము నడుమ వరుసగా కనిపించే చిన్న ముడులు అవే. వాటిని సాధారణంగా జీవితాంతం అలాగే వదిలేస్తారు. రోగులు "నా రొమ్ము ఎముక ఇంక ఎప్పటికీ అతకదా?" అని అడుగుతుంటారు. అతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గట్టి పట్టు వస్తుంది, పూర్తి బలానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈలోగా బరువులెత్తవద్దని, మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బలం వేయవద్దని, దగ్గు వచ్చినప్పుడు తలగడను రొమ్ముకు గట్టిగా హత్తుకోమని చెబుతాం. రొమ్ము కండరాలు ఉరోస్థికి రెండు వైపులా అంటి ఉంటాయి. చేతులతో గట్టిగా తోసినా లాగినా అవి ఎముక చెక్కలను చెరో పక్కకు లాగుతాయి. అందుకే ఈ జాగ్రత్త.

మరొక సంగతి కూడా తెలిసి ఉండాలి. ఉరోస్థి అంచుకు రెండు వైపులా, సుమారు ఒక సెంటీమీటరు దూరంలో, లోపలివైపు ఒక్కో ధమని నిలువుగా దిగుతుంది. ఉరోస్థికి రక్తం ఇచ్చేది ముఖ్యంగా ఈ రెండే. బైపాస్‌లో ఎడమవైపు దాన్ని విడదీసి గుండె రక్తనాళానికి కలపడం మామూలు పద్ధతి. అది చాలా ఏళ్లు మూసుకుపోకుండా నిలుస్తుంది కాబట్టి అది మంచి పనే. అయితే ఆ పక్క ఎముకకు రక్తం కొంత తగ్గుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఈ గాయం మానడాన్ని మేము మరింత కనిపెట్టి ఉండటానికి ఇదొక కారణం. దగ్గినప్పుడు గాని పక్కకు తిరిగినప్పుడు గాని రొమ్ములో టక్కుమని శబ్దం వస్తున్నా, ఎముక కదులుతున్నట్టు అనిపించినా, కోత దగ్గర ఎర్రబడినా, చీము వచ్చినా, వ్యాయామం ఆపి వెంటనే శస్త్రవైద్యుణ్ణి కలవాలి.

మధురవాడ టీచర్:

మాస్టారు గారికీ ఫిజియో గారికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మీరు చెప్పినట్టే నాన్నగారి వేలితో ఆయన రొమ్మునే ఆయనకు చూపించాను. గొంతు గుంట, మెట్టు, రెండో పక్కటెముక, అక్కడి నుంచి లెక్క, చివరికి ఆ మొన. మెట్టు దొరికినప్పుడు ఆయన ముఖంలో వచ్చిన ఆశ్చర్యం చూసి, ఇన్నాళ్లు ఈ పాఠం ఎందుకు ఇలా చెప్పలేదా అనిపించింది. మొన దగ్గరకు వచ్చాక ఆయన దాన్ని రెండు మూడుసార్లు తడిమి, "అయితే ఇది నాతోపాటే పెద్దదైంది" అన్నారు. అమ్మ కూడా తన వేలితో వెతుక్కుంది గాని ఆమెకు తగల్లేదు.

నాకు ఇంకో సందేహం ఉంది. మా బడిలో వచ్చే నెల ప్రథమ చికిత్స తరగతి ఉంది. గుండె ఆగినవారికి రొమ్ము నొక్కే చోటు సరిగ్గా ఎక్కడ? పిల్లలు జిఫాయిడ్ మీద నొక్కితే ప్రమాదమా? అలాగే, మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, కోడికీ చేపకీ ఈ ఎముక ఉంటుందా అని అడిగింది. దానికి కూడా ఎవరైనా జవాబు చెప్పగలరా?

తీరం కాపలా:

టీచర్ గారికి నమస్కారం. ఆర్కే బీచ్ దగ్గర నీళ్లలో మునిగినవారిని ఒడ్డుకు చేర్చేవారితో కలిసి పనిచేస్తూ, ప్రథమ చికిత్స నేర్పిస్తున్నాను. మొదటి సందేహానికి నేను రాస్తాను.

నొక్కవలసినది ఉరోస్థి కింది సగం. అంటే గొంతు గుంట నుంచి పక్కటెముకలు కలిసే గుంట వరకు ఉన్న ఎముకను మనసులో రెండుగా పంచుకుని, కింది సగం నడుమ అరచేతి మడమను ఆనించాలి. రెండో చేతిని దాని మీద పెట్టి, మోచేతులు వంచకుండా, భుజాల బరువుతో తిన్నగా కిందికి నొక్కాలి. పెద్దవారిలో లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ రొమ్మును పూర్తిగా పైకి లేవనివ్వాలి, ఎందుకంటే అలా లేచినప్పుడే గుండెలోకి రక్తం తిరిగి నిండుతుంది. నేర్చుకున్నవారు 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఊదుతారు. నీళ్లలో మునిగినవారి విషయంలో ఊపిరి ఊదడంతోనే మొదలుపెట్టాలి, వారి గుండె ఆగడానికి కారణం గాలి అందకపోవడమే కాబట్టి. ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తూ ఉండాలి.

జిఫాయిడ్ మీద నొక్కకూడదు. దాని వెనుక గట్టి ఆధారం లేదు, కాలేయం ఉంది. అక్కడ బలంగా నొక్కితే కాలేయానికి గాయం అయ్యే ప్రమాదం ఉంది, గుండె మీద పడవలసిన ఒత్తిడి కూడా పడదు. తరగతిలో పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఒకటే. చెయ్యి పెట్టాక, అరచేతి మడమ ఎముక మీద ఉందా, మెత్తని చోట ఉందా చూసుకోండి. మెత్తగా ఉంటే పైకి జరపండి. అయితే చోటు కోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దని కూడా తప్పక చెప్పండి. ఒక్కొక్క క్షణం విలువైనది.

పెద్దవారిలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో, నొక్కేటప్పుడు కటుక్కుమని శబ్దం వినిపించి చాలామంది చేతులు తీసేస్తారు. పక్కటెముకల కొనలనున్న మృదులాస్థి వయసుతో గట్టిపడటం వల్ల ఆ చోట్ల పగుళ్లు రావచ్చు, ఉరోస్థి కూడా చిట్లవచ్చు. చెయ్యి సరైన చోట ఉందో లేదో చూసుకుని కొనసాగించాలి. విరిగిన ఎముక తరువాత అతుకుతుంది. మీరు రాసిన ఒక్క మాటతో నా పని తేలికైంది మాస్టారూ. ఇన్నాళ్లూ "మృదులాస్థి" అని చెబితే పిల్లలకు పట్టేది కాదు, ఇకనుంచి చెవి దొప్ప పట్టుకోమంటాను.

పాత అనాటమీ మాస్టారు:

అమ్మా, ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. చేపకు ఉరోస్థి లేదు. ఫిషింగ్ హార్బరులో ఎంత పెద్ద చేపను కోసి చూసినా పక్కటెముకలు దొరుకుతాయి గాని అవి ముందుకు వచ్చి కలిసే ఎముక దొరకదు. పాముకు కూడా లేదు. పక్కటెముకలు ముందు కలిసి ఉంటే అంత పెద్ద ఎరను అది మింగగలిగేది కాదు. కోడికి మాత్రం, ఒంటి పరిమాణంతో పోల్చి చూస్తే, మనకంటే చాలా పెద్ద ఉరోస్థి ఉంది. కోడి రొమ్ము నడుమ, పడవ అడుగుభాగంలా ముందుకు పొడుచుకు వచ్చే ఎముక అదే. రెక్కలాడించే బలమైన కండరాలు దాని రెండు పక్కలా అంటి ఉంటాయి. ఎగరని ఉష్ట్రపక్షిలో ఉరోస్థి ఉన్నా ఆ పొడుచుకు వచ్చిన గట్టు ఉండదు. మేకలో అయితే మన కాయంలాగా ముక్కలు కలిసి ఒకటైపోవు. రొమ్ము మాంసం కోసినప్పుడు మృదులాస్థితో కలిసి వరుసగా వచ్చే చిన్న ఎముకలు అవే. మన రొమ్ములో 25 ఏళ్లకు మాయమయ్యే అతుకులను పిల్లలు అక్కడ కళ్లతో చూడవచ్చు. ఇంట్లో వంటకు తెచ్చిన మాంసంలోనే చూడమనండి, వేరే ప్రయోగశాల అవసరం లేదు.

ఈ ఎముక లోపల ఏముందో ఇంతకుముందు రాయలేదు. పైన కాగితం వంటి పలచని గట్టి పొర, లోపల తేనెపట్టులాంటి మెత్తని ఎముక, దాని గదుల్లో ఎర్రని మూలుగ. పెద్దయ్యాక చేతి ఎముకల్లో, కాలి ఎముకల్లో ఎర్రని మూలుగ చాలా భాగం పసుపుపచ్చని కొవ్వుగా మారుతుంది గాని, ఉరోస్థిలో మాత్రం వృద్ధాప్యంలో కూడా రక్తకణాలు తయారవుతూనే ఉంటాయి. ఒకప్పుడు మూలుగ పరీక్షకు సూదిని ఇక్కడే దింపేవారు. పైన రాసినట్టు సూది గుండెదాకా దిగే ప్రమాదం ఉండటం చేతనే, ఇప్పుడు చాలావరకు తుంటి ఎముక వెనుక భాగం నుంచి తీస్తున్నారు.

కొందరు పిల్లలకు పుట్టుకతో గాని ఎదిగే వయసులో గాని రొమ్ము మధ్య లోపలికి గుంట పడినట్టు గాని, పావురం రొమ్ములా ముందుకు పొడుచుకు వచ్చినట్టు గాని ఉంటుంది. పక్కటెముకల మృదులాస్థి పెరుగుదలలోని తేడా దీనికి ముఖ్య కారణం. మీ తరగతిలో అలాంటి పిల్లవాడు ఉంటే, తోటివారు చొక్కా విప్పమని వేధించకుండా చూడండి. పరుగెడితే ఆయాసం వస్తోందని అంటే మాత్రం తల్లిదండ్రులతో చెప్పి వైద్యులకు చూపించమనండి.

మీ నాన్నగారి విషయంలో ఒక్క మాట. జిఫాయిడ్ ఎప్పుడూ ఒకే చోట, ఒకే పరిమాణంలో, ఎముక గట్టిదనంతో ఉంటుంది. ఆ చోట తగిలేది నెలలు గడిచేకొద్దీ పెరుగుతున్నా, మెత్తగా ఉండి దగ్గినప్పుడు ఉబ్బుతున్నా, చర్మం కింద అటూ ఇటూ జారుతున్నా, నొప్పి ఎక్కువవుతున్నా అది వేరే సంగతి, మళ్లీ చూపించాలి. దగ్గమని, తల ఎత్తమని డాక్టరు గారు చెప్పింది అందుకే. కడుపు గోడ చీలిక గుండా లోపలి కొవ్వు బయటకు వచ్చిందేమోనని చూశారు. అలాగే, నడుస్తుండగా రొమ్ము నడుమ బిగపట్టినట్టు నొప్పి వచ్చి, అది ఎడమ చేతికో దవడకో పాకి, చెమట పడితే, అది ఎముక నొప్పి అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా, ఆయాసంతోనో నీరసంతోనో వస్తుంది. వేలితో నొక్కితే నొప్పి తెలుస్తోంది కదా, కాబట్టి ఇది పక్కటెముకల నొప్పే అని ఇంట్లో తేల్చుకోవద్దు. ఆ నిర్ణయం వైద్యుల పని. మీ అమ్మగారికి మొన తగల్లేదని దిగులు పడవద్దని చెప్పండి. ఆవిడది లోపలికి వంగి ఉండవచ్చు, చిన్నదిగా ఉండవచ్చు.